పాసులో రెండో పేరు

2025 జూన్ 4వ తేదీ. బక్రీదుకు ఇంకా మూడు రోజుల వ్యవధి ఉంది. మగ్రిబ్ నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుండగా మా ఆపా ఫోను చేసింది. సలాముతో తప్ప మాట మొదలుపెట్టని మనిషి ఆనాడు సలాము కూడా చెప్పలేదు. "మీ దూలాభాయి ఫోను కలవడం లేదు. బెంగళూరులో తొక్కిసలాట జరిగిందని టీవీలో చూపిస్తున్నారు. ఆయన అక్కడికే పోయినారేమోనని నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు" అన్నది.

అంతకు ముందు రాత్రి అహ్మదాబాదులో జరిగిన ఐపీఎల్ ఫైనల్లో రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరు జట్టు పంజాబ్ కింగ్స్‌ను 6 పరుగుల తేడాతో ఓడించింది. 2008లో మొదలైన ఆ పోటీలలో ఆ జట్టు విజేత కావడం అదే మొదటిసారి. 18 ఏళ్ళుగా ఎదురుచూసిన అభిమానులు మరునాడు చిన్నస్వామి స్టేడియం దగ్గరకు లెక్కకు మించి తరలివచ్చారు. ద్వారాల వద్ద జరిగిన తొక్కిసలాటలో 11 మంది మరణించారు. వారిలో అత్యధికులు లోకం పూర్తిగా చూడని చిన్న వయస్సువారు.

మా దూలాభాయి చిన్నవారు కారు. అప్పటికి ఆయనకు 64 ఏళ్ళు. రైల్వేలో లోకో పైలట్‌గా పనిచేసి 2021లో విరమణ పొందారు. అనంతపురంలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఆ ఉదయం "మనవణ్ణి చూసి వస్తాను" అని చెప్పి బెంగళూరు రైలెక్కారు. కూతురూ అల్లుడూ అక్కడే ఉంటారు. కూతురికి ఫోను చేస్తే, "అబ్బా మధ్యాహ్నం భోంచేసి, కబ్బన్ పార్కులో కాసేపు తిరిగి వస్తానని బయలుదేరినారు" అని చెప్పింది. ఆ పార్కు పక్కనే స్టేడియం ఉందన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన నోట విని విని అందరికీ తెలుసు.

నేను ఆపా ఇంటికి వెళ్ళేసరికి ఆమె ముసల్లా మీద కూర్చుని ఉంది. టీవీ శబ్దం తగ్గించి ఉంది గాని ఆపి లేదు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత తెలియని నంబరు నుండి ఫోను వచ్చింది. మాట్లాడింది ఆయనే. జనం మధ్య ఒక్కసారిగా తోపులాట మొదలు కాగానే ఒక గోడను ఆనుకుని నిలబడిపోయారట. తన కళ్ళ ముందే ఒక పిల్లవాడు కింద పడ్డాడట. ఆ తరువాత ఎలా బయటపడ్డారో ఆయనకే సరిగా గుర్తు లేదు. శివాజీనగర్ వైపు నడిచి, ఒక మస్జిదులో కూలబడి, కాళ్ళ వణుకు తగ్గేదాకా లేవలేకపోయారు. ఫోనులో ఛార్జింగు లేదు. ఆయనకు కంఠస్థంగా వచ్చిన నంబరు ఒక్కటే, అది ఆపాది. ఇమాము సాహెబు ఫోను అడిగి తీసుకుని ఆ నంబరు కలిపారు. ఒక చెప్పు పోయిందని కూడా చెప్పారట. ఆపా అంతా విని, "కొత్త చెప్పులు కొనుక్కుని రండి. వట్టికాళ్ళతో రైలెక్కవద్దు" అని మాత్రం అన్నది. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చింది.

ఈ సంఘటనను మా దూలాభాయి అనుమతితోనే రాస్తున్నాను. పాఠకుల ఇళ్ళలోనూ ఇటువంటివారు ఉండవచ్చు. ఉద్యోగం వదిలి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఆరోగ్యం ఇంకా చేజారకుండా ఉన్న వయస్సులో, చిన్ననాటి అభిమానం ఒకటి మళ్ళీ తలెత్తుతుంది. కొందరికి అది తోట, కొందరికి ముషాయిరా, మరి కొందరికి ఆట. తీరికా ఆరోగ్యమూ అనే రెండు అనుగ్రహాల విషయంలో ఎంతోమంది నష్టపోతున్నారని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. విరమణ పొందినవారికి ఆ రెండూ ఒకేసారి చేతికందే కాలం బహు స్వల్పం.

ఆయన పక్షాన కూడా చెప్పవలసింది ఉంది. రైల్వేలో రన్నింగ్ స్టాఫు జీవితం ఎలా ఉంటుందో గుంతకల్లులో కాపురం చేసినవారికి తెలుస్తుంది. అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు తట్టేవాడు. రిజిస్టరులో సంతకం చేయించుకుని పోయేవాడు. ఆయన లైన్ బాక్సు, ఆపా కట్టి ఇచ్చిన టిఫిన్ క్యారియరు తీసుకుని బయలుదేరేవారు. ఎప్పుడు తిరిగి వస్తారో ఆయనకే తెలియదు. రాయచూరులోనో వాడిలోనో రన్నింగ్ రూములో పడుకుని, మరో బండితో వచ్చేవారు. వచ్చింది పగలైతే ఆయన నిద్ర చెడకుండా పిల్లలు గుసగుసలతో ఆడుకోవాలి. ఎన్నో ఈదులు ఆయన ఇంజనులోనే గడిపారు. 1983లో కపిల్ దేవ్ జట్టు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆయన ఉద్యోగంలో చేరలేదు గనుక రేడియోలో విన్నారు. 2011 ఏప్రిల్ 2న ధోనీ సిక్సరుతో మళ్ళీ కప్పు వచ్చిన రాత్రి మాత్రం కృష్ణా స్టేషను బయట, ఎర్ర సిగ్నలు ముందు గూడ్సు బండితో నిలిచిపోయి ఉన్నారు. పక్క లైనులో ఎదురుగా వచ్చిన బండి డ్రైవరు చేతులు రెండూ పైకెత్తి చూపితే గెలిచామని తెలిసిందట. మైదానంలో కూర్చుని ఒక్క బంతి చూడకుండా 37 ఏళ్ళ సర్వీసు ముగిసింది.

కాబట్టి విరమణ తరువాత ఆయన తిరిగారంటే ఆశ్చర్యం లేదు. రైల్వే వారు విరమణ పొందిన ఆయన స్థాయి ఉద్యోగికి ఏడాదికి రెండు సెట్ల ఉచిత పాసులు ఇస్తారు. సెట్టు అంటే పోనూ రానూ. 2024 జనవరిలో ఒక సెట్టు హైదరాబాదు ఉప్పల్ టెస్టుకు ఖర్చయింది. ఓలీ పోప్ 196 పరుగులు చేసి, ఇంగ్లాండు 28 పరుగులతో మన జట్టును ఓడించిన మ్యాచి అది. బెంగళూరు దగ్గరే గనుక దానికి పాసు వాడరు, టికెట్టు కొంటారు. అదే నెల 17న చిన్నస్వామిలో అఫ్ఘానిస్తానుతో జరిగిన టీ20 రెండు సూపర్ ఓవర్ల దాకా సాగింది. అది చూసి, ఆఖరి బండి తప్పిపోయి, తెల్లవారుజాము దాకా ప్లాట్‌ఫారం మీద ఉండి ఫజ్ర్ అక్కడే చదివి వచ్చారు. నమాజు విషయంలో ఆయనను వేలెత్తి చూపలేం. 2025 రమజానులో, మార్చి 9న, దుబాయిలో ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ జరుగుతున్న వేళ తరావీహ్ వదలకుండా వచ్చారు. కాకపోతే ఆఖరి వరుసలో, తలుపు పక్కన నిలబడ్డారు. సలాము తిప్పగానే వుజూఖానా దగ్గర పిల్లలను స్కోరు అడిగి వెనక్కి వచ్చేవారు. ఇమాముగా నేను ముందున్నప్పటికీ ఈ సంగతి నాకు తెలియకపోలేదు.

ఉప్పల్ టెస్టు జరిగిన వారంలోనే ఆపా మోకాలి నొప్పి ముదిరింది. పక్కింటి అమ్మాయిని తోడు తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళి వచ్చింది. ఆ సంగతి ఆయనకు ఫోనులో చెప్పలేదు. ఆట చెడగొట్టినట్టవుతుందని.

2024 సెప్టెంబరులో ఒక వింత జరిగింది. ఆట కోసం ఆయన ఊళ్ళు తిరగడం కాదు, ఆటే మా ఊరికి వచ్చింది. దులీప్ ట్రోఫీ మ్యాచులలో ఒక్కటి తప్ప అన్నీ ఆ ఏడాది అనంతపురం ఆర్‌డీటీ మైదానంలోనే నిర్వహించారు. బయటి పాఠకులకు ఈ మైదానం గురించి రెండు మాటలు చెప్పాలి. మాది వానలు మొహం చాటేసే గడ్డ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం, అదీ వేరుశనగకు అదనులో పడితే అదృష్టం. పడని ఏట సగం పల్లె బెంగళూరు బస్సెక్కుతుంది. 1969లో స్పెయిన్ దేశీయుడు విసెంటె ఫెర్రర్ ఇక్కడికి వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పారు. 2009లో ఆయన కన్నుమూసేదాకా ఈ నేలనే అంటిపెట్టుకుని ఉన్నారు. ఆ సంస్థ వేసిన క్రీడా గ్రామంలో పల్లె పిల్లలు హాకీ, ఫుట్‌బాల్, క్రికెట్ నేర్చుకుంటారు. 2010లో టెన్నిస్ ఆటగాడు రాఫెల్ నాదల్ పేరిట ఒక పాఠశాల కూడా అక్కడ మొదలైంది. గడ్డి మొలవని ఊరిలో పచ్చిక మైదానాన్ని చూడటానికే కొందరు వెళ్తారంటే అతిశయోక్తి కాదు.

సెప్టెంబరు 5న శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్ నాయకత్వంలోని జట్ల మ్యాచి మొదలైంది. దూలాభాయి మొదటి బంతికే అక్కడున్నారు. రెండో రోజు శుక్రవారం. జుమాకు లేచి వచ్చి, తిరిగి వెళ్ళేసరికి ఆట స్వరూపమే మారిపోయిందని వాపోయారు. మూడో రోజు వినాయక చవితి సెలవు. ఆ రోజు ఏం తోచిందో ఆపాను కూడా వెంట తీసుకుపోయారు. ఆమె క్యారియరులో ఖుష్కా, దాల్చా, పెరుగు సర్దుకుని వెళ్ళింది. మానవ్ సుతార్ అనే యువ స్పిన్నరు ఆ ఇన్నింగ్సులో 49 పరుగులకు 7 వికెట్లు పడగొట్టాడు. బంతి నేల మీద పడి ఎందుకు పక్కకు తిరుగుతుందో ఆమె అడిగిందట. ఆయన క్యారియరు మూతను పట్టుకుని, వేళ్ళతో తిప్పి చూపించారట. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చినప్పుడు ఆపా ముఖంలో ఉన్న వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమెను అలా చూసి ఎన్నేళ్ళయిందో అనుకున్నాను గాని, దాని అర్థం నాకప్పుడు తెలియలేదు.

ఇక జూన్ సంగతికి వస్తాను. బక్రీదు గడిచిన వారానికి ఆపా నన్ను పిలిచి, "నువ్వు చెబితే వింటారు, ఒకసారి మాట్లాడు" అన్నది. నేను మాట్లాడటానికే బతుకుతున్న మనిషిని. 28 ఏళ్ళుగా దర్సు చెబుతున్నాను. ప్రయాణం యాతనలో ఒక భాగమనీ, అది మనిషి తిండికీ నిద్రకూ అడ్డుపడుతుందనీ, వెళ్ళిన పని ముగియగానే ఇంటివారి దగ్గరకు త్వరపడాలనీ తెలిపే హదీసును మనసులో సిద్ధం చేసుకుని వెళ్ళాను. దానికి తోడు ఆ తొక్కిసలాటలో పోయినవారి తల్లిదండ్రుల గురించి చెప్పాను. ఇంట్లో అబద్ధం చెప్పి బయలుదేరడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాను.

ఆయన తల వంచుకుని విన్నారు. చివరకు, "మౌలానా, అబద్ధం చెప్పిన మాట నిజం. దానికి తౌబా చేసుకున్నాను. ఆ పిల్లవాడి ముఖం నాకు ఇంకా కలలో వస్తోంది. కాని ఒక్క మాట. 37 ఏళ్ళు నేను వెళ్ళిన పని నాది కాదు, బండిది. కాళ్ళలో ఇంకా బలమున్న నాలుగైదేళ్ళే నావి. ఆటగాళ్ళకు మాత్రం ఇల్లు లేదా? మన హైదరాబాదు సిరాజ్‌ను చూడు. ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయినా ఆట వదిలి రాలేదు" అన్నారు.

సిరాజ్ సంగతి పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆటో నడిపి కొడుకును పెంచిన తండ్రి 2020 నవంబరులో మరణించారు. సిరాజ్ జట్టుతోనే ఉండిపోయాడు. ఆ సిరీస్‌లో 13 వికెట్లు తీశాడు. బ్రిస్బేనులో ఒక ఇన్నింగ్సులో 5 వికెట్లు పడగొట్టాడు. 2021 జనవరిలో తిరిగి వచ్చినప్పుడు విమానాశ్రయం నుండి ఇంటికి పోకుండా నేరుగా తండ్రి సమాధి దగ్గరకు వెళ్ళాడు. ఈ ఉదాహరణకు ఏమి జవాబు చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగా, వంటింటి గుమ్మం దగ్గర నుండి ఆపా గొంతు వినిపించింది.

"అతను తల్లిని అడిగినాడు. తండ్రి కల నెరవేర్చమని ఆమే చెప్పింది. అందుకే ఉండిపోయినాడు" అన్నది.

మేమిద్దరం అటు తిరిగి చూశాము. ఆపా లోపలికి వెళ్ళి, ఒక కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. అది ఆ ఏటి పాసు, కంప్యూటరు నుండి తీసిన ప్రతి. "చదవండి. మొదటి పేరు మీది. రెండో పేరు ఎవరిది?" అన్నది.

రెండో పేరు ఆమెది. విరమణ పొందిన ఉద్యోగికి ఇచ్చే పాసులో భార్య పేరు కూడా ఉంటుంది. నాలుగేళ్ళుగా ప్రతి పాసులోనూ ఉంది. ఆ నాలుగేళ్ళలో దాని మీద ఆమె ఒక్కసారి కూడా రైలెక్కలేదు.

ఆ తరువాత ఆపా చెప్పిన మాటలు నేను ఏ కితాబులోనూ చదవలేదు. ఆట మానుకోమని తాను ఎన్నడూ అనలేదట. అనంతపురం మైదానంలో కూర్చున్న ఆ రోజు తరువాత, సెప్టెంబరు 19న చెన్నైలో బంగ్లాదేశ్‌తో టెస్టు మొదలవుతుందని ఆయన చెప్పగా విని, అటక మీద నుండి తన పెట్టె దింపించి దుమ్ము దులిపి పెట్టుకుందట. అడుగుతారని మూడు రోజులు ఎదురుచూసిందట. ఆయన సంచి భుజానికి తగిలించుకుని ఒక్కరే వెళ్ళిపోయారు. "మీ సర్వీసు 37 ఏళ్ళు. కాల్ బాయ్ తలుపు తట్టినప్పుడు లేచింది మీరొక్కరే కాదు. రెండు గంటలకైనా మూడు గంటలకైనా నేను లేచి పొయ్యి వెలిగించినాను. మీరు రిటైరైనారు. నేను ఎప్పుడు రిటైరు కావాలి?" అన్నది.

దూలాభాయి ఏమీ అనలేదు. పెట్టె సంగతి ఆయనకు నిజంగానే తెలియదు. చూసి కూడా గమనించలేదు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆపా నా వైపు తిరిగింది. "నువ్వు ఏం చెబుతావు? నీ భార్యను ఈ 28 ఏళ్ళలో ఎక్కడికి తీసుకుపోయినావు?"

నా దగ్గర జవాబు లేదు. మద్రసాలకు షాబాను నెలాఖరున సెలవులు మొదలవుతాయి. ఇంటిపట్టున ఉండగలిగిన ఆ రమజాను నెలంతా నేను రసీదు పుస్తకం పట్టుకుని మద్రసా చందాల నిమిత్తం ఊరూరా తిరుగుతాను. బళ్ళారి, కర్నూలు, ఆదోని, ఒక్కొక్క ఏడు ముంబై దాకా. ఈదు ముందు రాత్రి ఇల్లు చేరుతాను. అది పుణ్యకార్యమే, సందేహం లేదు. కాని నేను లేని ఇఫ్తార్లు ఆమె ఎవరితో చేసిందో ఏనాడూ అడగలేదు. దూలాభాయికి చెప్పిన హదీసు నాకు వర్తించదని అనుకున్నాను గాబోలు.

ఇంటికి వచ్చి ఆ రాత్రి ఒక విషయం గురించి ఆలోచించాను. దైవప్రవక్త (సఅసం), హజ్రత్ ఆయిషా (రజి) పరుగుపందెం వేసుకున్న సంఘటన సుననె అబూ దావూదులో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత, ఆమె శరీరం కాస్త బరువెక్కిన రోజులలో, మళ్ళీ పందెం వేస్తే ఆయన (సఅసం) గెలిచి, ఇది ఆనాటి దానికి బదులని అన్నారు. ఎన్నో ఏళ్ళుగా ఈ హదీసును పందేలలో ఏవి ధర్మసమ్మతం, ఏవి కావు అనే చర్చ కిందనే బోధిస్తూ వచ్చాను. మొదటి వాక్యంలోనే ఆ సంఘటన ప్రయాణంలో జరిగిందని ఉంది. ఆ మాట నా కళ్ళ ముందు నుండి ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. ఆటా ఉంది, ప్రయాణమూ ఉంది, ఇల్లాలూ ఉంది. ఒకదాని కోసం మరొకదానిని విడిచిపెట్టలేదు. పాత పందెం సంగతి కూడా ఆయన (సఅసం) మరచిపోలేదు.

మన ఇళ్ళలో స్త్రీలు ప్రయాణాలు చేయరని కాదు. చేస్తారు. మా ఆపా కూడా చాలా చేసింది. పెద్దకూతురి పురుడుకు మూడు నెలలు, చిన్నకూతురి పురుడుకు మూడు నెలలు, తోడికోడలి ఆపరేషనుకు ఒక నెల, మరణాలకు చెప్పనక్కరలేదు. బెంగళూరుకు ఎన్నోసార్లు వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ మనవణ్ణి ఎత్తుకుని ఆ మూడో అంతస్తు గదుల్లోనే ఉంది. నగరం చూసింది లేదు. ఉద్యోగాలు చేసుకునే పిల్లలు తల్లిని పిలిపించుకునేటప్పుడు ఒక్క ఆదివారమైనా ఆమెకు సెలవు ఇవ్వాలన్న ఆలోచన చేయరు. ఆమె పని చేయడానికి ప్రయాణం చేస్తుంది, మనం పని నుండి విశ్రాంతికి ప్రయాణం చేస్తాము. రెండింటినీ ఒకే మాటతో పిలుస్తున్నాము.

అదే సమయంలో ఒక హెచ్చరిక కూడా. విరమణ పొందిన మగవాడిని ఖాళీ మనిషిగా చూసి, రేషను వరుసకూ, మనవల బడికీ, కరెంటు బిల్లుకూ తిప్పుతూ, ఆయన టీవీ ముందు రెండు గంటలు కూర్చుంటే సణిగే ఇళ్ళూ నేను చూశాను. అది కూడా అన్యాయమే. ఆయన అభిమానం ఇంట్లో దాచుకోవలసిన తప్పుగా మారితే, ఆయన అబద్ధం చెప్పి కబ్బన్ పార్కుకు బయలుదేరుతాడు.

దూలాభాయి ఇంట్లో ఆ తరువాత చేసుకున్న ఏర్పాటు చాలా సాదా సీదా. గోడ మీద ఒక క్యాలెండరు వేలాడుతోంది. మ్యాచుల తేదీలు ఆయన నీలం సిరాతో రాస్తారు. ఆపా తన తేదీలు ఎర్ర సిరాతో రాస్తుంది. డాక్టరు, చెల్లెలి ఊరు, పెళ్ళిళ్ళు. రెండు రంగులూ ఒకే గడిలో పడిన చోట కూర్చుని మాట్లాడుకుంటారు. రంజానూ, బక్రీదూ ఉన్న వారాలలో నీలం సిరా వాడకూడదు. ఎక్కడికి వెళ్ళినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఊరేగింపులకూ, సన్మానాలకూ పోకూడదు. ఆట మైదానంలో కుర్చీ దొరికితేనే. టికెట్ల ఖర్చు కూడా ఆపా చిట్టాలోకి ఎక్కుతుంది. ఐపీఎల్ టికెట్టు ధర మొదటిసారి ఆమెకు తెలిసిన రోజున ఆ ఇంట్లో కొంత అలజడి రేగిందని విన్నాను. అది వారి సొంత విషయం. రెండు సెట్లలో ఒకటి ఆయనది, ఒకటి ఆమెది. ఆమె సెట్టు మీద ఆమె చెప్పిన ఊరికే వెళ్ళాలి.

ఆపా అజ్మీరు అంటుందేమో, ముంబైలో హాజీ అలీ అంటుందేమో అని అందరం అనుకున్నాము. ఆమె గుంతకల్లు నుండి రాయచూరు మీదుగా వాడి దాకా అన్నది. అందులో చూడటానికి ఏముందని కూతుళ్ళు నవ్వారు. "మీ అబ్బా 37 ఏళ్ళు ఆ దారినే పోయినారు. అది ఎట్లుంటుందో నేను చూడలేదు" అన్నది. కృష్ణా నదిలో నీళ్ళు చూడాలని కూడా అన్నది. అనంతపురంలో పుట్టిన మాకు పారే నది అంటే చదువుకున్న మాటే గాని చూసిన వస్తువు కాదు.

ఎర్ర సిరాతో ఆమె గుర్తుపెట్టిన తేదీ 2025 ఆగస్టు 4, సోమవారం. లండన్‌లోని ఓవల్ మైదానంలో ఇంగ్లాండుతో ఐదో టెస్టు చివరి రోజు కూడా అదే. ఆ సంగతి ఆపాకు తెలియదు. దూలాభాయి పైకి చెప్పలేదు. ముందు రోజు ఆట ముగిసేసరికి ఇంగ్లాండుకు 35 పరుగులు కావాలి, మనకు 4 వికెట్లు. ఆ రాత్రి ఆయన సరిగా నిద్రపోలేదని ఆపాయే చెప్పింది. మోకాళ్ళ నొప్పి తనదైతే, లేచి తిరుగుతున్నది ఆయన అని.

గుంతకల్లులో బండి మారి, మధ్యాహ్నం కిటికీ పక్క సీటు ఆమెకు ఇచ్చి కూర్చున్నారు. ఆస్పరి, ఆదోని, కోసిగి. ఏ గేటు దగ్గర ఎద్దులు అడ్డం వచ్చేవో, ఏ మలుపు దగ్గర వేగం తగ్గించాలో, ఏ స్టేషనులో టీ బాగుండేదో ఆయన చెబుతూ వచ్చారు. మంత్రాలయం రోడ్డు దాటగానే తుంగభద్ర. ఆపా గాజుకు ముఖం ఆనించి చూసిందట. మూడున్నరకు లండన్‌లో ఆట మొదలైంది. ఆయన ఫోను జేబులోనే ఉంది. తీయలేదు. రాయచూరు దాటిన తరువాత కృష్ణ వచ్చింది. వంతెన మీద బండి నెమ్మదించింది. ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డు దాకా నీళ్ళు. "ఇన్ని నీళ్ళా" అని మాత్రం అన్నదట ఆపా.

వంతెన మధ్యలో ఉండగానే ఆమె ఫోనుకు కూతురి నుండి సందేశం వచ్చింది. సిరాజ్ ఆ ఇన్నింగ్సులో 5 వికెట్లు తీశాడు, ఆఖరి వికెట్టు అతనిదే, భారత్ 6 పరుగులతో గెలిచింది. ఆపా చదివి వినిపించింది. "మళ్ళీ ఆరు పరుగులేనట" అన్నది. దూలాభాయి "అల్‌హందులిల్లాహ్" అని, కిటికీ అవతలికి చెయ్యి చూపించారట. బండి అప్పుడే అవతలి ఒడ్డుకు చేరుతోంది. "అదిగో, ఆ స్తంభం కనబడుతోందా? ధోనీ సిక్సరు కొట్టిన రాత్రి నా బండి ఆగింది ఆ సిగ్నలు దగ్గరే. నువ్వు కట్టి ఇచ్చిన రొట్టె తిన్నదీ అక్కడే" అన్నారట.